పోలింగ్ బూత్‌లో ఏ బల్ల దగ్గర ఏం జరుగుతుంది: ఓటేయడానికి వెళ్ళేవాళ్ళకు ఒక డ్యూటీ పంతులు చెప్పే మాట

నేను బడిపంతుల్ని. ఎన్నికలొస్తే మాకు డ్యూటీ తప్పదు. ఎక్కువసార్లు నాకు పడింది మొదటి బల్ల, అంటే ఓటర్ల జాబితా ముందేసుకుని కూర్చునే ఫస్ట్ పోలింగ్ ఆఫీసరు కుర్చీ. ఓటు వేయకుండా, కోపంతో గొణుక్కుంటూ వెనక్కి పోయేవాళ్ళలో ఎక్కువమంది అసలు మెషిన్ దాకా పోనే పోరు. నా బల్ల దగ్గరే ఆగిపోతారు. "కార్డు ఉంది కదండీ సార్, చూడండి" అంటారు. కార్డు ఉంది. జాబితాలో పేరు లేదు. అప్పుడు నేను గానీ, బూత్‌కి పెద్ద అయిన మా ప్రిసైడింగ్ ఆఫీసరు గానీ చేయగలిగింది ఏమీ ఉండదు.

అందుకే బూత్‌లో ఏం జరుగుతుందో చెప్పే ముందు ఇంట్లో చేయాల్సిన పని చెప్తాను. ఇది లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల సంగతి. పంచాయతీ ఎన్నికల పద్ధతి వేరు, దాని గురించి మధ్యలో ఒక ముక్క చెప్తాను.

ముందు జాబితా, తర్వాతే కార్డు

ఓటరు కార్డు మీరెవరో చెప్పే కాగితం మాత్రమే. ఓటు హక్కు ఉండేది జాబితాలో. పోయినసారి వేశాం కదా, ఈసారీ ఉంటుందిలే అనుకోవద్దు. ఇల్లు మారినా, పక్క వీధిలోకి వెళ్ళినా, ఎవరో "ఇక్కడ ఉండట్లేదు" అని రాసిచ్చినా పేరు పోవచ్చు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో గానీ, వాళ్ళ యాప్‌లో గానీ కార్డు నంబరు కొట్టి చూసుకోండి. నెట్ తెలియకపోతే 1950కి ఫోన్ చేయండి, లేదా మీ వీధుల ఓటర్ల జాబితా చూసే బీఎల్వోని (బూత్ లెవెల్ ఆఫీసరుని) అడగండి. చాలా ఊళ్ళలో బీఎల్వో అంటే అంగన్‌వాడీ టీచరో, వీఆర్వోనో, మా బళ్ళో మాస్టారో అయి ఉంటారు, ముఖం తెలిసిన మనిషే.

ఈ పని నోటిఫికేషన్‌కి ముందే చేయాలి. కొత్తగా పేరు చేర్చుకోవడానికి ఫారం 6, చిరునామా మార్పుకీ తప్పులు దిద్దడానికీ ఫారం 8. నామినేషన్లకు ఆఖరి తేదీ దాటాక జాబితాలో ఒక్క పేరు కూడా కలవదు. పోలింగ్ రోజు ఉదయం ఆధార్ చూపిస్తే ఓటు ఇస్తారని ప్రతి ఎన్నికలకీ ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతుంది. "చాలెంజ్ ఓటు అడగండి, టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్" అని కూడా అందులోనే ఉంటుంది. అది పచ్చి అబద్ధం. టెండర్ ఓటు అంటే అసలేమిటో చివర్లో చెప్తాను. దాన్ని నమ్మి నా బల్ల మీద ఫోన్ పెట్టి చదివి వినిపించినవాళ్ళున్నారు. నిజానికి ఆ ఫోన్ అక్కడిదాకా రావడమే తప్పు. ఆ సంగతి కాసేపట్లో.

పేరు దొరికితే మూడు సంగతులు కాగితం మీద రాసి పెట్టుకోండి: పోలింగ్ కేంద్రం పేరు, భాగం నంబరు, వరుస నంబరు. భాగం అంటే జాబితాలో మీ వీధుల ముక్క. వరుస నంబరు అంటే ఆ ముక్కలో మీ పేరు ఎన్నోది అని. పోలింగ్‌కి నాలుగైదు రోజుల ముందు బీఎల్వో ఇంటికి తెచ్చిచ్చే ఓటరు స్లిప్పు మీద ఇవే ఉంటాయి. ఒకే బడిలో నాలుగైదు బూత్‌లు ఉంటాయి. గంట సేపు క్యూలో నిలబడి, తీరా లోపలికి వచ్చాక "మీది ఇది కాదండీ, ఆ చివర గది" అనిపించుకోవడం కంటే చిరాకు ఇంకోటి లేదు. భాగం నంబరు తెలిస్తే ఆ బాధ తప్పుతుంది.

జేబులో ఏముండాలి

స్లిప్పు ఒక్కటే పట్టుకొస్తే కుదరదు. ఒకప్పుడు ఫోటో ఉన్న స్లిప్పు చూపించి వేసేవాళ్ళు. 2019 నుంచి అది గుర్తింపుగా చెల్లదు. స్లిప్పు నంబరు వెతకడానికి, కార్డు మనిషిని గుర్తుపట్టడానికి. రెండూ తెచ్చుకుంటే మంచిది. స్లిప్పు లేకపోయినా ఓటు పోదు, కార్డు చాలు.

ఓటరు కార్డు కనబడకపోతే కంగారు పడకండి. 2024 ఎన్నికల్లో ఎన్నికల సంఘం పన్నెండు రకాల ప్రత్యామ్నాయాలు ఒప్పుకుంది. వాటిలో మన ఇళ్ళలో ఉండేవి ఇవి: ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫోటో అంటించిన బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న పెన్షన్ పత్రం, ప్రభుత్వ ఉద్యోగుల గుర్తింపు కార్డు, దివ్యాంగులకు ఇచ్చే యూడీఐడీ కార్డు. రేషన్ కార్డు ఇందులో లేదు. ఆరోగ్యశ్రీ కార్డు, కాలేజీ ఐడీ కార్డు కూడా లేవు. ముఖ్యంగా కాలేజీ పిల్లలు అది మెడలో వేసుకుని వచ్చేస్తుంటారు.

అసలు కార్డే తీసుకెళ్ళండి. ఫోన్‌లో దాచుకున్న ఫోటో పనికిరాదు. డౌన్‌లోడ్ చేసుకునే ఓటరు కార్డు (ఈ-ఎపిక్) అయితే ప్రింటు తీయించుకోండి.

కార్డు మీద పేరులో అక్షరం తేడా ఉందని, నాన్న పేరు "వెంకటేశ్వర్లు" బదులు "వెంకటేశ్వరులు" అని పడిందని ఇంట్లోనే ఆగిపోయేవాళ్ళున్నారు. అలాంటి చిన్న తప్పులు పట్టించుకోవద్దని మాకు స్పష్టంగా చెప్తారు. మనిషి మీరేనని తెలిస్తే చాలు. కార్డు వేరే నియోజకవర్గంలో తీసుకున్నదైనా ఫర్వాలేదు, పేరు మాత్రం ఈ బూత్ జాబితాలో ఉండాలి. కార్డులో ఫోటో మీ ముఖానికి పొంతన లేకుండా ఉంటే మాత్రం పై వాటిలో ఇంకొకటి జేబులో పెట్టుకోండి.

విదేశాల్లో ఉంటూ ఫారం 6ఏతో పేరు చేర్చుకున్న ప్రవాసులు, ఇక్కడికి వచ్చి ఓటేసేటప్పుడు అసలు పాస్‌పోర్టు చూపించాలి. వాళ్ళకి వేరే ఏ కార్డూ పనికిరాదు.

ఎప్పుడు వెళ్ళాలి, క్యూ ఎలా ఉంటుంది

పోలింగ్ ఏడింటికి మొదలవుతుంది. ముగిసే సమయం అన్నిచోట్లా ఒకటి కాదు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల సాయంత్రం ఆరు దాకా జరిగింది. అరకు, పాడేరు, రంపచోడవరంలో నాలుగింటికే ముగిసింది. 2023 నవంబరు 30న తెలంగాణ అసెంబ్లీకి ఐదింటి దాకా పెట్టారు, సమస్యాత్మకమైన 13 నియోజకవర్గాల్లో నాలుగు దాకానే. పక్క జిల్లా చుట్టం చెప్పిన టైము నమ్ముకోకుండా మీ నియోజకవర్గానిది చూసుకోండి.

ఒక లెక్క చెప్తాను. ఇప్పుడు ఒక బూత్‌కి గరిష్ఠంగా 1200 మంది ఓటర్లు ఉండాలని పెట్టారు, ఇదివరకు 1500 దాకా ఉండేది. 80 శాతం మంది వస్తే 960 మంది. పదకొండు గంటల్లో వాళ్ళందరూ అయిపోవాలంటే మనిషికి 41 సెకన్లు. మా బల్లల దగ్గర మేం ఎందుకు తొందరపడతామో, "అమ్మా, కొంచెం పక్కకి జరగండి" అని ఎందుకు కసురుకున్నట్టు అంటామో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

తెల్లవారుజామునే వచ్చేవాళ్ళు, ఎండకు భయపడి ఎనిమిది లోపల కానిచ్చేయాలనుకునేవాళ్ళు కలిసి ఉదయం రెండు మూడు గంటలు రద్దీ చేస్తారు. నా అనుభవంలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఖాళీగా ఉంటుంది. మే నెలలో ఆ టైముకి రావాలంటే గొడుగు, నీళ్ళ సీసా కావాలి. బూత్ దగ్గర తాగునీళ్ళు, నీడ, మరుగుదొడ్డి, ర్యాంపు ఉండాలన్నది నియమం. అయినా శామియానా నీడ క్యూ మొత్తానికీ సరిపోదు.

మగవాళ్ళకొక వరస, ఆడవాళ్ళకొక వరస ఉంటాయి. వృద్ధులు, దివ్యాంగులు వరసలో నిలబడక్కర్లేదు, వాళ్ళని ముందు పంపిస్తారు. చంకలో పిల్లాడితో వచ్చిన తల్లి బిడ్డతో సహా లోపలికి రావచ్చు. మామూలుగా ఒక మగవాణ్ణి పంపితే ఇద్దరు ఆడవాళ్ళని పంపుతారు. మగవాళ్ళ వరసలోంచి "ఇదేం న్యాయం" అని ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు.

దారిలో నేల మీద సున్నంతో గీసిన గీత ఒకటి కనిపిస్తుంది. అది వంద మీటర్ల హద్దు. దాని లోపల ప్రచారం చేయకూడదు, గుర్తులు చూపించకూడదు. మెడలో పార్టీ కండువా ఉంటే తీసి సంచిలో పెట్టుకోండి. పార్టీవాళ్ళు బల్ల, రెండు కుర్చీలు వేసుకుని స్లిప్పులు రాసిచ్చేది ఆ గీత అవతలే. వాళ్ళ దగ్గర స్లిప్పు తీసుకోవడం తప్పేం కాదు, కాకపోతే గుర్తు గానీ, అభ్యర్థి పేరు గానీ ఉన్న కాగితం లోపలికి తేవద్దు. అభ్యర్థి పెట్టిన ఆటో ఎక్కి బూత్‌కి రావడం మన దగ్గర మామూలే. చట్టంలో మాత్రం ఓటర్లను ఉచితంగా బండ్లలో తరలించడం అవినీతి పద్ధతుల కింద ఉంది. డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. ఈ మాట చెప్తే మా ఊళ్ళో నవ్వుతారనుకోండి.

ఇక ఫోన్. బూత్‌లోకి ఫోన్ తీసుకెళ్ళకూడదు. 2025 నుంచి గుమ్మం బయట ఫోన్ స్విచాఫ్ చేసి ఇచ్చి వెళ్ళేందుకు చిన్న అరల పెట్టెలు గానీ, గోనెసంచులు గానీ పెడుతున్నారు. ఆ ఏడాది జూన్‌లో జరిగిన ఉపఎన్నికల్లో ఇది మొదలైంది. ఇంట్లో పెట్టి రాగలిగితే ఇంకా నయం. ఓటేస్తూ సెల్ఫీ తీసుకోవడం, వేసిన గుర్తు వీడియో తీయడం రహస్య బ్యాలెట్‌ను ఉల్లంఘించడమే. అలా పట్టుబడితే ఓటు వేయనివ్వకుండా పంపేసే అధికారం ప్రిసైడింగ్ ఆఫీసరుకి ఉంది.

మొదటి బల్ల: మీ పేరు గట్టిగా చదువుతారు

గదిలోకి రాగానే మొదట కనిపించేది నాలాంటివాడు. ముందు స్లిప్పు ఇవ్వండి, లేదా వరుస నంబరు చెప్పండి. "నాది 643 అండీ" అన్నవాళ్ళ పేరు పది సెకన్లలో దొరుకుతుంది. "చూడండి, అక్కడే ఉంటుంది, రామాలయం పక్క ఇల్లు" అంటే ముప్ఫై పేజీలు తిరగేయాలి.

మీ పేరు దొరికాక నేను దాన్ని గట్టిగా చదువుతాను. చాలామంది ఉలిక్కిపడతారు, కొత్త కోడళ్ళు సిగ్గుపడతారు. అది నా గొంతు చూపించుకోవడానికి కాదు. పక్కన బెంచీ మీద కూర్చున్న పార్టీల ఏజెంట్లు విని, తమ దగ్గరున్న జాబితాలో టిక్ పెట్టుకోవాలి. వచ్చిన మనిషి ఆ మనిషి కాదని వాళ్ళకి అనిపిస్తే అభ్యంతరం చెప్పొచ్చు. దానికి రెండు రూపాయలు కట్టాలి. అక్షరాలా రెండు రూపాయలే. ప్రిసైడింగ్ ఆఫీసరు అక్కడే విచారించి తేలుస్తాడు. మీరు నిజమైన ఓటరైతే కార్డు చూపించి, నిదానంగా జవాబు చెప్పండి. ఏజెంటుతో వాదనకు దిగొద్దు.

అభ్యంతరం లేకపోతే మీ పేరున్న గడి మీద ఎర్రకలంతో ఏటవాలుగా ఒక గీత గీస్తాను. ఆడవాళ్ళయితే గీతతోపాటు వరుస నంబరు చుట్టూ సున్నా చుడతాను. రెండు గంటలకోసారి ఆడ, మగ ఓట్ల లెక్క పైకి పంపాలి, ఆ సున్నాలే మాకు ఆధారం. సాయంత్రానికి జాబితా నిండా ఎర్ర గీతలే. అక్కడక్కడ మిగిలిన తెల్ల గళ్ళు, ఊరొదిలి పోయినవాళ్ళవీ చనిపోయినవాళ్ళవీ.

అలాంటివాళ్ళ పేర్లు ముందే వేరే జాబితాగా మా చేతికిస్తారు. మీరు ఏడాదిగా హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో ఉండి ఓటుకని ఊరొచ్చారనుకోండి, బీఎల్వో వచ్చినప్పుడు తాళం కనబడి మీ పేరు అందులో పడి ఉండొచ్చు. దానివల్ల ఓటు పోదు. కార్డు ఇంకాస్త పరిశీలనగా చూస్తారు, సంతకంతోపాటు వేలిముద్ర కూడా అడుగుతారు. దానికి నొచ్చుకోకండి.

రెండో బల్ల: సిరా, సంతకం

ఎడమచేతి చూపుడువేలు చూపించమంటారు. ఇంతకుముందే సిరా ఉందేమోనని చూసి, గోరు పై చివరనుంచి మొదటి కణుపు దాకా ఒక గీత గీస్తారు. 2006కి ముందు గోరూ చర్మం కలిసేచోట చిన్న చుక్క పెట్టేవాళ్ళు. వేలికి నూనె గానీ, గోరింటాకు వేసుకున్నాక రాసుకునే నిమ్మరసం జిగురు గానీ ఉంటే గుడ్డతో తుడిచి మరీ పెడతారు. గోళ్ళరంగు ఫర్వాలేదు, చర్మం మీద ఎలాగూ పడుతుంది. ఆ వేలు లేనివాళ్ళకి అదే చేతి ఇంకో వేలికి పెడతారు.

సిరాలో ఉండేది సిల్వర్ నైట్రేట్. వెలుతురు తగిలేకొద్దీ నల్లబడుతుంది. పెట్టినప్పుడు ఊదారంగుగా ఉండి, ఇంటికి వెళ్ళేసరికి ముదురుతుంది. 1962 నుంచి దేశమంతటికీ మైసూరులోని కర్ణాటక ప్రభుత్వ రంగ కంపెనీ ఇస్తోంది. చెమటపట్టిన వేలితో వెంటనే కళ్ళు తుడుచుకోవద్దు, తెల్ల చొక్కాకి రాసుకోవద్దు. నా చొక్కాలు రెండు అలాగే పోయాయి.

తర్వాత 17ఏ అనే రిజిస్టరులో సంతకం. రానివాళ్ళు ఎడమ బొటనవేలి ముద్ర వేస్తారు. సంతకం అయ్యాక ఒక చిన్న చీటీ చేతికిస్తారు. దాని మీద రిజిస్టరులో మీ వరుస ఉంటుంది. మూడో బల్ల దగ్గర ఆ చీటీ ఇస్తేనే మెషిన్ తెరుచుకుంటుంది, ఆ వరుస ప్రకారమే లోపలికి పంపుతారు. లోక్‌సభకీ అసెంబ్లీకీ ఒకేరోజు జరిగితే రెండు చీటీలు ఇస్తారు, తెల్లది లోక్‌సభకి, గులాబీది అసెంబ్లీకి.

సంతకం పెట్టాక "నాకు ఓటు వద్దు" అనే హక్కు కూడా మీకుంది. ప్రిసైడింగ్ ఆఫీసరు రిజిస్టరులో ఆ మాట రాసి మీ సంతకం తీసుకుంటాడు. అయితే ఎవరికీ వేయకూడదనుకుంటే మెషిన్‌లోనే చివరి మీట నోటా ఉంది కదా, గదిలో అందరి ముందూ ఆ సంగతి చెప్పుకోవాల్సిన పనిలేదు.

మూడో బల్ల, మెషిన్

చీటీ ఇచ్చాక అక్కడున్న ఆఫీసరు తన ముందున్న పెట్టెలో, అంటే కంట్రోల్ యూనిట్‌లో, బ్యాలెట్ మీట నొక్కుతాడు. అట్ట అడ్డుపెట్టిన అరలోకి మీరు ఒక్కరే వెళ్తారు. అందులో మీ ముందు రెండు పెట్టెలుంటాయి. ఒకటి బ్యాలెట్ యూనిట్, దాని మీద అభ్యర్థుల పేర్లు, ఫోటోలు, గుర్తులు, ఎదురుగా నీలం మీటలు. పక్కన మీరు వేసిన ఓటును కాగితం మీద చూపించే వీవీప్యాట్, దానికి ముందువైపు చిన్న అద్దం కిటికీ ఉంటుంది.

బ్యాలెట్ యూనిట్ పైన పచ్చదీపం వెలుగుతోందో లేదో ముందు చూడండి. వెలుగుతుంటే మెషిన్ మీకోసం సిద్ధంగా ఉన్నట్టు. మీకు కావలసిన పేరుకి ఎదురుగా ఉన్న నీలం మీటను గట్టిగా ఒకసారి నొక్కండి. ఆ పేరు పక్కన ఎర్రదీపం వెలుగుతుంది. వెంటనే చూపు వీవీప్యాట్ కిటికీ మీదికి తిప్పండి. ఒక కాగితం ముక్క దిగి, అభ్యర్థి వరుస నంబరు, పేరు, గుర్తు ఏడు సెకన్లపాటు కనబడి, తెగి లోపలి డబ్బాలో పడుతుంది. ఆపైన గది బయటిదాకా వినబడేలా పొడుగ్గా బీప్ మోగుతుంది. బీప్ వస్తే ఓటు పడినట్టు. మళ్ళీ ఎన్నిసార్లు నొక్కినా ఇంకో ఓటు పడదు.

తొందరలో ఆ ఏడు సెకన్లు చూడకుండా బయటికొచ్చేసి "స్లిప్పు ఇవ్వలేదేంటి" అని అడిగేవాళ్ళు రోజుకి పదిమంది తగులుతారు. ఆ స్లిప్పు ఎవరికీ ఇవ్వరు, అది పెట్టెలోనే ఉంటుంది. లెక్కింపు రోజు ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో అయిదు బూత్‌ల స్లిప్పుల్ని చీటీ తీసి ఎంచుకుని, మెషిన్ లెక్కతో సరిచూస్తారు.

బీప్ రాకముందే బయటికి రావద్దు. పచ్చదీపం లేకపోయినా, మీట నొక్కితే ఏమీ కాకపోయినా అరలోంచే పిలవండి. మీటలు తెలియకపోతే వెళ్ళేముందే అడగండి. ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గర బ్యాలెట్ యూనిట్ అట్టబొమ్మ ఉంటుంది, దాని మీద ఎక్కడ ఎలా నొక్కాలో చూపిస్తాడు. ఒక్కోసారి ముసలమ్మలు అట్టబొమ్మ మీదే నొక్కేసి "అయిపోయిందా నాయనా" అంటారు. "కాలేదమ్మా, ఇంకా ఉంది" అని లోపలికి పంపుతాం. ఒకే రోజు రెండు ఎన్నికలైతే అరలూ రెండు. ఒకటి వేసి తిన్నగా గుమ్మం వైపు నడవకండి, రెండో చీటీ చేతిలోనే ఉందేమో చూసుకోండి.

ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలు, నోటాతో కలిపి. అంతకంటే ఎక్కువమంది నిలబడితే పక్కన ఇంకో యూనిట్ తగిలిస్తారు. 2019లో నిజామాబాద్ లోక్‌సభకి పసుపు, జొన్న రైతులు వరసగా నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులయ్యారు. ప్రతి బూత్‌లో పన్నెండు యూనిట్లు పేర్చాల్సొచ్చింది. అంతకుముందు 1996లో నల్లగొండలో 480 మంది నిలబడితే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. మీ దగ్గర రెండు యూనిట్లు కనబడితే కంగారు పడొద్దు. మీ గుర్తు రెండోదానిలో ఉండొచ్చు. బయట అతికించిన అభ్యర్థుల పట్టికలో వరుస నంబరు చూసుకుని వెళ్తే లోపల వెతుక్కోనక్కర్లేదు.

పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం పెడుతుంది. వాటిలో మన దగ్గర బ్యాలెట్ పేపరే. 2025 డిసెంబరులో తెలంగాణలో సర్పంచికి గులాబీ కాగితం, వార్డు సభ్యుడికి తెల్ల కాగితం ఇచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకే పోలింగ్ ముగించారు. రబ్బరు ముద్ర గుర్తు మీద పడాలి, రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే ఎవరికన్నది తేలక ఓటు చెల్లకుండా పోవచ్చు. తడి సిరా మడతలో ఇంకో గుర్తుకి అంటకుండా ముందు నిలువుగా మడవండి.

తోడు కావాల్సినవాళ్ళు

చూపు లేనివాళ్ళు, చేతులు సరిగా పనిచేయనివాళ్ళు ఒక తోడుమనిషిని లోపలికి తీసుకెళ్ళొచ్చు. తోడుకి 18 ఏళ్ళు నిండాలి. ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్ళలేదని, ఓటు ఎవరికన్నది బయట చెప్పనని రాసివ్వాలి. తోడుమనిషికి కుడిచేతి చూపుడువేలికి సిరా పెడతారు. ఒక్క మనిషి వరసగా పదిమంది ముసలివాళ్ళని తీసుకొచ్చి "మా నాయనమ్మే, మా పెద్దమ్మే" అనకుండా ఆపేది అదే. మీటల పక్కన బ్రెయిల్ అంకెలు కూడా ఉంటాయి, తోడు వద్దనుకునేవాళ్ళు బ్రెయిల్ నమూనా అడిగి తీసుకుని స్వయంగా వేయొచ్చు.

చదువు రాదన్న ఒక్క కారణం మీద తోడుని పంపరు. ఇక్కడే ఎక్కువ గొడవ. కొడుకు తల్లి వెంట అరలోకి దూరబోతాడు, మేం ఆపితే ఏజెంట్లు రెండువర్గాలై అరుస్తారు. గుర్తులు పెట్టిందే చదువు రానివాళ్ళకోసం. అమ్మకి ఇంట్లోనే గుర్తు చూపించండి, బూత్‌లో ఆవిడ పని ఆవిడ చూసుకుంటుంది.

85 ఏళ్ళు దాటినవాళ్ళు, 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ వైకల్యం ఉన్నవాళ్ళు ఇంటి దగ్గరే వేయొచ్చు. దానికి నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లో ఫారం 12డీ ఇవ్వాలి. అది ఇచ్చి ఇంటి ఓటు మంజూరైనవాళ్ళు మళ్ళీ బూత్‌కి వస్తే వేయనివ్వం.

మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే

జాబితా తీసి చూస్తే మీ పేరు మీద అప్పటికే ఎర్రగీత ఉంటుంది. "మీది అయిపోయిందండీ" అంటారు. అక్కడ అరిచి వెళ్ళిపోకండి. ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి కార్డు చూపించి టెండర్ ఓటు అడగండి, 49పి నియమం అనండి. ప్రశ్నలడిగి మీరేనని నమ్మకం కుదిరితే కాగితపు బ్యాలెట్, రబ్బరు ముద్ర ఇస్తాడు. అరలోకి వెళ్ళి ముద్ర వేసి మడిచి ఇస్తే వేరే కవరులో పెడతాడు. మెషిన్ మీద మాత్రం వేయనివ్వరు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ కవరు లెక్కింపు రోజు తెరవరు. ఎవరైనా హైకోర్టుకి వెళ్ళి, కోర్టు చెప్తేనే తెరుస్తారు. అయినా అడగండి. మీరు అడగకపోతే ఆ దొంగ ఓటు జరిగినట్టు ఎక్కడా రాతపూర్వకంగా ఉండదు.

వీవీప్యాట్‌లో మీరు నొక్కిన గుర్తు కాకుండా ఇంకోటి కనిపించిందంటే, ఆ మాట రాసిచ్చి సంతకం పెట్టాలి. అప్పుడు ఏజెంట్ల ఎదుట మీచేత పరీక్ష ఓటు వేయిస్తారు. నిజమైతే పోలింగ్ అక్కడికక్కడ ఆపేస్తారు. అబద్ధమని తేలితే కేసు పెడతారు. చూసింది చూసినట్టు ఖాయంగా ఉంటేనే చెప్పండి.

సాయంత్రం ఆలస్యమైతే

ముగింపు టైముకి క్యూలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఓటుంటుంది, ఎంత రాత్రయినా సరే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటాక కూడా వేశారు. హైదరాబాద్ నుంచి సొంతూళ్ళకి వచ్చినవాళ్ళు బస్సులు దిగి తిన్నగా క్యూలోకే వచ్చారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలో పోలింగ్ 81.86 శాతం. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభలో సగం కూడా దాటలేదు.

టైము కాగానే ప్రిసైడింగ్ ఆఫీసరు బయటికొచ్చి తన సంతకం పెట్టిన చీటీలు పంచుతాడు. క్యూ ముందునుంచి కాదు, చివరినుంచి. ఆఖరి మనిషికి 1, వాడి ముందున్నవాడికి 2, అలా గుమ్మం దాకా. వెనకనుంచి ఇంకెవరూ చేరకుండా ఆ ఏర్పాటు. పరిగెత్తుకుంటూ వచ్చి 1 నంబరు చీటీ అందుకున్నవాళ్ళు "మనదే ఫస్టు" అని సంతోషపడతారు. వాళ్ళ వంతు అందరికంటే ఆఖరున వస్తుంది. ఆ చీటీ పారేయకండి, నీళ్ళకని పక్కకి వెళ్ళినా జేబులో ఉంచుకోండి. లోపలికి వచ్చినప్పుడు నా బల్ల దగ్గర కార్డుతోపాటు అదీ అడుగుతాను.